ఎంపిక సరే, అసలు కొత్తది ఎక్కడి నుంచి వస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ప్రకృతి వరణం పనికొచ్చేదాన్ని నిలబెడుతుంది, పనికిరానిదాన్ని ఏరిపారేస్తుంది. ఇంతవరకు మీరు ఒప్పుకుంటున్నారు. కానీ ఏరాలంటే ముందు అక్కడ ఏదో ఒకటి ఉండాలి కదా, రెక్క, కన్ను, పాము విషం, పువ్వు లాంటివి మొట్టమొదటిసారి ఎలా పుట్టాయన్నది మీ సందేహం. దానికి తోడు ఇంకో మూడు అడిగారు: సగం రెక్కతో ఏం లాభం? బాక్టీరియాకీ మొక్కకీ జంతువుకీ ఒకటే పద్ధతా? కాలాన్ని వెనక్కి తిప్పి మళ్లీ నడిపిస్తే ఇవే వస్తాయా?

"పిచ్చి ప్రశ్న అయితే క్షమించండి" అని మొదలుపెట్టారు. పిచ్చి ప్రశ్న కానేకాదు. ఈ సబ్జెక్టు చెప్పే మాకు విద్యార్థుల దగ్గర చెమటలు పట్టేది సరిగ్గా ఇక్కడే. పాఠ్యపుస్తకాలు ఎంపిక గురించి పేజీలకు పేజీలు రాసి, కొత్తదనం దగ్గరికొచ్చేసరికి "మ్యుటేషన్ల వల్ల", అంటే డీఎన్‌ఏలో అనుకోకుండా వచ్చే మార్పుల వల్ల, అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. అది తప్పు కాదు గానీ, దాంతో ఎవరి ఆకలీ తీరదు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. కొత్తది అని మనం ముచ్చటపడే ప్రతిదాని లోపలా దాదాపుగా పాత సామానే ఉంటుంది. ఆ సామాను ఎక్కడ, ఎప్పుడు, ఎంత మోతాదులో పనిచేస్తుందో అది మారుతుంది. పాత సామాను చేతికందే దారి మాత్రం జీవిని బట్టి వేరు. అందుకే మీ మూడో ప్రశ్నకు అవును, కాదు రెండూ సమాధానాలే.

ముందు ఒక ప్రయోగాన్ని దగ్గరగా చూద్దాం. కొత్త సామర్థ్యం పుడుతుండగా పట్టుకుని, జన్యువుల్లో ఏ ముక్క ఎక్కడికి కదిలిందో కూడా చూడగలిగిన సందర్భాలు చాలా తక్కువ. 1988 ఫిబ్రవరిలో అమెరికాలో రిచర్డ్ లెన్‌స్కీ ఇ.కోలై బాక్టీరియాను 12 సీసాల్లో విడివిడిగా పెంచడం మొదలుపెట్టారు. రోజూ ప్రతి సీసాలోంచి నూరో వంతు తీసి కొత్త ద్రవంలో వేస్తారు, అంతే పని. రోజుకు ఆరేడు తరాలు గడుస్తాయి. 500 తరాలకోసారి కొంత నమూనాను ఫ్రీజర్‌లో దాస్తారు. ఆ బాక్టీరియా చావదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు లేపి మళ్లీ పెంచొచ్చు. అంటే ప్రతి సీసాకూ దాని పూర్వీకులు ప్రాణాలతోనే దొరుకుతారు. శిలాజాలు తవ్వుకునేవాళ్లు అసూయపడే సౌకర్యం ఇది.

ఆ ద్రవంలో తిండిగా గ్లూకోజ్ కొద్దిగానే వేస్తారు. దాంతోపాటు సిట్రేట్ అనే పదార్థం దానికి ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. సిట్రేట్ కూడా మంచి తిండే. కానీ ఆక్సిజన్ ఉన్నచోట ఇ.కోలై దాన్ని లోపలికి తీసుకోలేదు. ల్యాబుల్లో ఇ.కోలైని గుర్తుపట్టే పరీక్షల్లో ఇదొకటి. అంటే వేల తరాలపాటు ఈ బాక్టీరియా వడ్డించిన విస్తరి ముందు కూర్చుని కూడా తినలేకపోయింది. అవసరం ఉంది, అవకాశం ఉంది, ఏమీ జరగలేదు. 12 సీసాల్లో 11 చోట్ల ఆ తర్వాతా జరగలేదు.

2003లో ఒక సీసా మాత్రం ఉన్నట్టుండి మిగతావాటికంటే చిక్కగా మసకబారింది. బయటి నుంచి ఏదో వేరే సూక్ష్మజీవి పడిందేమో అని మొదట అనుమానించి పరీక్షలు చేశారు. అది వాళ్ల ఇ.కోలైనే, సిట్రేట్ తింటోంది. ఫ్రీజర్‌లోని నమూనాలు వరసగా వెనక్కి చూసుకుంటూ వెళితే, ఈ శక్తి సుమారు 31,500వ తరం దగ్గర మొదటిసారి కనిపించింది. జకరీ బ్లౌంట్, లెన్‌స్కీల బృందం 2008లో దీన్ని ప్రకటించింది.

జరిగిందేమిటంటే, సిట్రేట్‌ను కణం లోపలికి మోసుకొచ్చే ప్రోటీన్‌కు జన్యువు ఇ.కోలైలో ముందునుంచే ఉంది. కాకపోతే ఆక్సిజన్ లేనప్పుడే అది పనిచేస్తుంది. ఒక పొరపాటు నకలు వల్ల ఆ జన్యువు ఉన్న డీఎన్‌ఏ ముక్క పక్కపక్కనే రెండుసార్లు పడింది. రెండో నకలు వచ్చి చేరిన చోట, ఆక్సిజన్ ఉన్నప్పుడు కూడా ఆన్‌లో ఉండే వేరే జన్యువు తాలూకు స్విచ్ (జన్యువును ఆన్ చేసే డీఎన్‌ఏ ముక్క) ఉంది. దాని వల్ల పాత జన్యువు కొత్త పరిస్థితిలో పనిచేయడం మొదలుపెట్టింది. కొత్త ప్రోటీన్ ఒక్కటీ పుట్టలేదు. మొదట్లో ఆ శక్తి చాలా బలహీనం. తర్వాత ఆ ముక్క నకళ్లు ఇంకా పెరిగాయి. పైగా ఈ రవాణా ప్రోటీన్ ఒక సిట్రేట్‌ను లోపలికి తెస్తూ సక్సినేట్ అనే పనికొచ్చే పదార్థాన్ని బయటికి పంపేస్తుంది. ఆ పోయినదాన్ని మళ్లీ లోపలికి లాక్కునే ఇంకో ప్రోటీన్ కూడా తర్వాతి మ్యుటేషన్ వల్ల ఆన్ అయింది. అప్పుడుగానీ సీసా మసకబారేంతగా సంఖ్య పెరగలేదు.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చేది ఆ తర్వాత చేసిన పని. ఫ్రీజర్‌లోంచి వేర్వేరు తరాల బాక్టీరియాను లేపి, కథను మళ్లీ మళ్లీ నడిపించారు. 20,000వ తరానికి ముందువాటిలో ఒక్కసారి కూడా సిట్రేట్ శక్తి రాలేదు. ఆ తర్వాతి తరాలవాటిలో మాత్రం, అరుదుగానే అయినా, మళ్లీ వచ్చింది. అంటే అసలు మలుపుకు చాలా ముందే, సిట్రేట్‌తో పైకి ఏ సంబంధమూ కనిపించని మార్పులు ఆ వంశంలో దారి సుగమం చేసి ఉంచాయి. ముందు నేల సిద్ధం కావడం, తర్వాత ఒక మలుపు, ఆపైన సర్దుబాట్లు. ఈ మూడంచెలనూ గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ అవసరమవుతాయి.

నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. 2016లో వేరే బృందం ఇ.కోలైని ఎక్కువకాలం సిట్రేట్ తప్ప ఇంకేమీ మిగలని స్థితిలో ఉంచింది. వంద తరాలలోపే అదే శక్తి వచ్చింది, దాదాపు అవే జన్యువులతో. కాబట్టి "30 వేల తరాలు పట్టే అద్భుతం" అని దీన్ని ప్రచారం చేయడం సరికాదు. గ్లూకోజ్ రోజూ అందుతున్నంతకాలం బలహీనమైన సిట్రేట్ శక్తికి పెద్ద లాభం లేదు, పైగా రోజూ నూరో వంతే మిగులుతుంది కాబట్టి కొత్తగా పుట్టినది కొట్టుకుపోతుంది. ఒక కొత్తదనం ఎంత అరుదు అన్నది జన్యువులతో పాటు పరిస్థితుల మీద కూడా ఆధారపడుతుంది.

ఇక చేపల సంగతి. అంటార్కిటికా చుట్టూ సముద్రపు నీరు మైనస్ 1.9 డిగ్రీల దాకా చల్లబడుతుంది. ఉప్పు వల్ల ఆ నీరు గడ్డకట్టదు. చేప రక్తంలో అంత ఉప్పు ఉండదు, మామూలు చేపైతే మైనస్ 1 చేరకముందే గడ్డకట్టే స్థితికి వస్తుంది. అయినా అక్కడ నోటోథెనాయిడ్ వర్గపు చేపలు హాయిగా తిరుగుతున్నాయి. 1960లలో ఆర్థర్ డెవ్రీస్ వాటి రక్తంలో ఒక యాంటీఫ్రీజ్ ప్రోటీన్ కనిపెట్టారు. అది సన్నని మంచు స్ఫటికాలకు అతుక్కుని వాటిని పెరగనివ్వదు. దాని నిర్మాణం విచిత్రంగా సరళం: థ్రియోనిన్, అలనిన్, అలనిన్ అనే మూడు అమైనో ఆమ్లాల వరస పదే పదే, దానికి తగిలించిన చక్కెర అణువులు.

ఈ జన్యువు ఎక్కడిదో 1997లో తేలింది. ట్రిప్సినోజెన్ అనే జీర్ణ ఎంజైము జన్యువులోంచి వచ్చింది. ఆ పాత జన్యువు మొదలూ చివరా అలాగే ఉన్నాయి. మధ్యలో 9 అక్షరాల చిన్న డీఎన్‌ఏ ముక్క మళ్లీ మళ్లీ నకలై కొత్త ప్రోటీన్ అయింది, ఎంజైము పని చేసే భాగం చాలావరకు ఊడిపోయింది. ఒక అంటార్కిటిక్ చేపలో సగం జీర్ణ ఎంజైమూ సగం యాంటీఫ్రీజూ కలిసి ఉన్న జన్యువు కూడా దొరికింది. ఇంతకంటే మంచి సాక్ష్యం ఏం కావాలి?

జీర్ణ ఎంజైములోంచే ఎందుకు వచ్చింది అంటే, చేపకు మొదటి గండం కడుపులోనే. నీళ్లతో, తిండితో పాటు మంచు ముక్కలు పేగుల్లోకి పోతాయి. క్లోమగ్రంథి అప్పటికే ట్రిప్సినోజెన్‌ను పేగుల్లోకి పంపే పని చేస్తోంది. అక్కడ తయారై అక్కడికే చేరే ప్రోటీన్‌లో చిన్న మార్పు వచ్చినా, అది మంచును కాస్తయినా ఆపితే, సరిగ్గా కావలసిన చోటే ఆపుతుంది. రవాణా ఏర్పాట్లన్నీ పాతవే.

ఉత్తర ధ్రువ సముద్రంలో కాడ్ జాతి చేపల్లో కూడా ఇలాంటి ప్రోటీనే ఉంది. అవే మూడు అమైనో ఆమ్లాల వరస. దగ్గరి చుట్టాలేమో అనుకుంటాం. అస్సలు కాదు. కాడ్ చేపలో ఈ జన్యువు ఏ పాత ప్రోటీన్ జన్యువులోంచీ రాలేదు. ఏ ప్రోటీన్‌నూ తయారు చేయని ఖాళీ డీఎన్‌ఏలోంచి వచ్చిందని 2019లో చూపించారు. చిన్న ముక్కలు నకలవుతూ వరస ఏర్పడింది, ఎక్కడినుంచో ఒక స్విచ్ వచ్చి పక్కన చేరింది, ఒక్క అక్షరం ఊడిపోవడంతో చదివే వరస మారి, ప్రోటీన్‌ను కణం బయటికి పంపే భాగం దానికి అతికింది. రెండు ధ్రువాలు, ఒకటే సమస్య, దాదాపు ఒకటే పరిష్కారం, పూర్తిగా వేరే ముడిసరుకు.

టీవీల్లో "చలిని తట్టుకోవడానికి చేపలు ఈ ప్రోటీన్ తయారుచేసుకున్నాయి" అని చెబుతుంటే నాకు చిరాకు పుడుతుంది. చేప ఏమీ చేసుకోలేదు. నకళ్లలో పొరపాట్లు ఎప్పుడూ జరుగుతూనే ఉంటాయి, చలి ఉన్నా లేకపోయినా. చలి వచ్చాక ఆ పొరపాట్లలో ఒకదానికి విలువ వచ్చింది, అంతే.

సగం రెక్క సంగతికి వద్దాం. ఇది పాత ప్రశ్నే. 1871లో మివార్ట్ అనే శాస్త్రవేత్త డార్విన్‌ను ఇలాగే నిలదీశాడు. డార్విన్ ఇచ్చిన జవాబు ఇప్పటికీ నిలబడే ఉంది: మొదటి దశలో ఆ అవయవం చేసే పని వేరే అయివుండొచ్చు. ఈకలే చూడండి. 1996లో చైనాలో సైనోసారోప్టెరిక్స్ అనే చిన్న డైనోసార్ శిలాజం బయటపడింది. ఒళ్లంతా నూగులాంటి ఈకలు. రెక్కలు లేవు, ఎగరడం అనే మాటే లేదు. ఆ నూగు ఒంటి వేడి కాపాడటానికో, ఒకరికొకరు కనిపించడానికో పనికొచ్చి ఉండాలి. దాని తోకకు చారలుండేవని 2010లో రంగు కణాల ఆనవాళ్లను బట్టి తేల్చారు కూడా. ఎగరడం ఈకలకు తర్వాత దొరికిన ఉద్యోగం. ఒక పనికి ఏర్పడి మరో పనికి వాడబడే ఇలాంటి వాటికోసం స్టీఫెన్ జే గూల్డ్, ఎలిజబెత్ వ్ర్బా 1982లో ఎక్సాప్టేషన్ అనే పేరు పెట్టారు.

కంటి విషయంలో సగం కన్ను కూడా కన్నే. వెలుగు, చీకటి తేడా తెలిసినా లాభమే, వెలుగు ఎటునుంచి వస్తోందో తెలిస్తే ఇంకా లాభం. స్వీడన్‌కు చెందిన నిల్సన్, పెల్గర్ 1994లో లెక్క కట్టారు. వెలుగును గుర్తించే చదునైన పొర నుంచి మొదలుపెట్టి, ప్రతి అడుగులో ఒక శాతం మార్పు మాత్రమే తీసుకుంటూ వెళ్లినా, కటకం ఉన్న కెమెరా లాంటి కన్ను రావడానికి 4 లక్షల తరాలు కూడా అక్కర్లేదు. కటకానికి కూడా పాత సామానే వాడారు. బాతు కంటి కటకంలో నిండి ఉండే ఒక ప్రోటీన్ నిజానికి లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమే. శరీరంలో మరోచోట రసాయన చర్య నడిపేది, కంట్లో కిక్కిరిసి కూర్చుని వెలుగును వంచుతోంది. జన్యువు ఒకటే, ఉద్యోగాలు రెండు.

పాము విషం గురించి అడిగారు కాబట్టి ఒక్క మాట: అందులోని చాలా ప్రోటీన్లు శరీరంలో మామూలుగా ఉండే ప్రోటీన్ల నకళ్లే, విషగ్రంథిలో ఎక్కువ మోతాదులో తయారవుతూ క్రమంగా పదునెక్కాయి. జన్యువు రెండుగా నకలైతే ఒకటి పాత పని చూసుకుంటుంది, రెండోది ప్రయోగాలకు ఖాళీగా దొరుకుతుంది అని సుసుము ఓనో 1970లోనే గట్టిగా వాదించారు. విషాలు ఆ వాదానికి చక్కటి ఉదాహరణ.

ఇప్పుడు జీవుల తేడాల దగ్గరికి. బాక్టీరియాకు అందరికంటే సులువైన దారి ఉంది: పక్కవాళ్ల జన్యువులు తెచ్చుకోవడం. చుట్టరికం అక్కర్లేదు. యాంటీబయాటిక్ నిరోధకత ఇంత వేగంగా పాకడానికి కారణం ఇదే, ప్రతి జాతీ మొదటినుంచి కనిపెట్టుకోవాల్సిన పని లేదు. అవి కొత్తగా పుట్టిన జన్యువులు కూడా కావు. కెనడాలోని యూకాన్ ప్రాంతంలో 30,000 ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న మట్టిలో పెన్సిలిన్ తరహా మందులను, టెట్రాసైక్లిన్‌ను, వాంకోమైసిన్‌ను తట్టుకునే జన్యువులు దొరికాయి. మనం మందులు తయారుచేయడానికి ఎంతో ముందే, సూక్ష్మజీవుల మధ్య రసాయన యుద్ధంలో అవి వాడుకలో ఉన్నాయి.

పెద్ద జీవుల్లో ఇలాంటి అప్పులు అరుదు, కానీ లేకపోలేదు. బఠానీ మొక్కల మీద వాలే పేనుబంకకు ఎర్ర రంగునిచ్చే జన్యువులు శిలీంధ్రాల నుంచి వచ్చినవి. చాలా ఫెర్న్ మొక్కల్లో మసక వెలుతురును కూడా పసిగట్టే ఒక గ్రాహక ప్రోటీన్ ఉంది. అది హార్న్‌వర్ట్ అనే నాచు లాంటి మొక్కల నుంచి దాటి వచ్చిందని 2014లో తేలింది.

జన్యువు కాదు, ఏకంగా జీవినే తెచ్చుకోవడం ఇంకో దారి. మన కణాల్లోని మైటోకాండ్రియా ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన బాక్టీరియా. మొక్కల్లోని హరితరేణువులు ఒకప్పటి సయనోబాక్టీరియా, అంటే వెలుగుతో తిండి తయారుచేసుకునే బాక్టీరియా. లిన్ మార్గులిస్ 1967లో ఈ వాదాన్ని బలంగా ముందుకు తెచ్చినప్పుడు చాలామంది పెదవి విరిచారు. ఇప్పుడు పాఠశాల పుస్తకాల్లో ఉంది. మనిషి మైటోకాండ్రియాలో ఇప్పటికీ సొంత డీఎన్‌ఏ ఉంది, కేవలం 37 జన్యువులు. మిగతావి ఎప్పుడో కణ కేంద్రకంలోకి వలసపోయాయి లేదా పోయాయి.

ఇది ఎంత అరుదో చూడండి. మైటోకాండ్రియా కలయిక మనకు తెలిసినంతలో ఒక్కసారే జరిగింది. హరితరేణువుల కలయిక కూడా ఒక్కసారే అని చాలాకాలం అనుకున్నారు. తర్వాత పాలినెల్లా అనే చిన్న అమీబా సంగతి తేలింది. దాని పూర్వీకులు దాదాపు 10 కోట్ల ఏళ్ల కిందట విడిగా ఇంకో సయనోబాక్టీరియాను మింగి అరిగించుకోకుండా ఉంచేసుకున్నారు. 2024లో అయితే, ఒక సముద్రపు శైవలంలో నత్రజనిని పట్టే బాక్టీరియా అవయవంగా మారిపోయిందని, కణం విభజనతో పాటు అదీ పద్ధతిగా విడిపోతోందని చూపించారు. ఈ వార్త చదివిన రోజు నా పాఠం స్లైడ్లు మార్చుకోవలసి వచ్చింది, సంతోషంగానే.

మొక్కల దగ్గర ఇంకో పద్ధతి బాగా నడుస్తుంది: మొత్తం జన్యు సముదాయం ఒక్కసారిగా రెట్టింపు కావడం. చాలా జంతువుల్లో ఇలా జరిగితే పిండం నిలవదు. మొక్కలు తట్టుకుంటాయి. యూరప్ నుంచి అమెరికాకు 20వ శతాబ్దం మొదట్లో చేరిన ట్రాగోపోగాన్ మొక్కలు అక్కడ కలిసి, రెట్టింపు క్రోమోజోములతో రెండు కొత్త జాతులకు జన్మనిచ్చాయి. 1950లో వాటిని వర్ణించారు. కొన్ని దశాబ్దాల్లో కొత్త జాతులు. పువ్వు కథ కూడా నకళ్లదే. పూభాగాలను నిర్ణయించే జన్యువుల కుటుంబం పువ్వులకంటే ఎంతో పాతది. ఆవమొక్క కుటుంబానికి చెందిన ఒక మొక్కలో పూభాగాలను నిర్ణయించే మూడు రకాల జన్యువులనూ పనిచేయకుండా చేస్తే రేకులు, కేసరాలు వచ్చే చోట ఆకుల్లాంటివి వస్తాయి.

మొక్కల్లో నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ సీ4 కిరణజన్య సంయోగక్రియ. రుబిస్కో అనే ఎంజైము గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టాలి. వేడిలో, కార్బన్ డయాక్సైడ్ తక్కువున్నప్పుడు అది తరచూ పొరపాటున ఆక్సిజన్‌ను పట్టేస్తుంది, మొక్కకు నష్టం. మొక్కజొన్న, చెరకు, జొన్న లాంటివి ఆకు బయటి కణాల్లో వేరే ఎంజైముతో కార్బన్‌ను పట్టి, నాళాల చుట్టూ ఉండే లోపలి కణాల్లోకి పంపి, అక్కడ రుబిస్కో ముందు కుమ్మరిస్తాయి. ఎన్నో జన్యువులు, ఆకు నిర్మాణం, అన్నీ కలిసి మారాలి. ఇంత సంక్లిష్టమైనది ఒకసారి రావడమే గొప్ప అనుకుంటాం. పుష్పించే మొక్కల్లో ఇది విడివిడిగా 60 సార్లకు పైగా వచ్చింది!

ఇందులోనూ అన్నీ పాత ఎంజైములే. సీ4 లేని మొక్కల్లో కూడా అవి వేరే చిన్నాచితకా పనులు చేస్తూ ఉంటాయి. మధ్య దశ ఏమిటో కూడా తెలుసు, మీ సగం రెక్క ప్రశ్నకు ఇది ఇంకో జవాబు. రుబిస్కో పొరపాటు వల్ల పుట్టే వ్యర్థాన్ని శుభ్రం చేసే చర్యలో చివరికి కొంత కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. ఆ చర్య లోపలి కణాల్లో మాత్రమే జరిగేలా మారితే చాలు, విడుదలైన వాయువు అక్కడే చిక్కుకుని మళ్లీ వాడుకలోకి వస్తుంది. పూర్తి సీ4 కాకపోయినా ఇదొక్కటే లాభం. ఈ దశలోనే ఆగిన మొక్కలు ఇప్పటికీ ఉన్నాయి.

గడ్డి కుటుంబంలో సీ4 ఇరవై సార్లకు పైగా పుట్టింది, కానీ అన్నీ ఆ కుటుంబంలో ఒక కొమ్మలోనే. వరి, గోధుమ ఉన్న కొమ్మలో ఒక్కసారీ రాలేదు. సీ4 వచ్చిన కొమ్మలో నాళాల చుట్టూ కణాలు ముందునుంచే పెద్దవిగా ఉన్నాయన్నది ఒక ముఖ్య కారణం. బాక్టీరియా సీసాలో చూసిన నేల సిద్ధం కావడమే, కోట్ల ఏళ్ల స్థాయిలో.

జంతువుల్లో ఎక్కువగా కనిపించేది స్విచ్‌ల మార్పు. ఒకే జన్యువు పిండంలో దవడ దగ్గర, కాలి దగ్గర, మెదడు దగ్గర వేర్వేరు స్విచ్‌లతో ఆన్ అవుతుంది. స్టికిల్‌బ్యాక్ అనే చేపలో పిట్స్1 అనే జన్యువు ఇలాంటిదే. సముద్రంలోని ఈ చేపలకు పొట్ట కింద ముళ్లుంటాయి. మంచుయుగం ముగిశాక ఏర్పడిన సరస్సుల్లో చిక్కుకున్న చాలా గుంపుల్లో ముళ్లు విడివిడిగా పోయాయి. జన్యువు తయారుచేసే ప్రోటీన్ చెక్కుచెదరలేదు. కటి భాగంలో ఆన్ చేసే స్విచ్ ముక్క ఒక్కటే తెగిపోయింది. ఆ ముక్కను తిరిగి చేర్చితే ముళ్లు లేని చేపకు మళ్లీ కటి భాగం వచ్చింది. ప్రోటీన్ పాడైతే దవడ, పిట్యూటరీ గ్రంథి కూడా దెబ్బతినేవి. స్విచ్ మారితే ఒక్క చోటే మారుతుంది. ఇది పోగొట్టుకోవడం కదా, కొత్తదనం ఎలా అవుతుంది అంటారేమో. కలుపుకోవడం కూడా ఇదే దారిలో జరుగుతుంది. సీతాకోకచిలుక రెక్క మీద కంటి బొమ్మ ఏర్పడే చోట ఆన్ అయ్యే డిస్టల్‌లెస్ జన్యువు, కీటకాల కాళ్ల చివర్లను తయారుచేసే పాత జన్యువే.

1995లో వాల్టర్ గేరింగ్ ల్యాబులో చేసిన పని ఇప్పటికీ క్లాసులో చూపిస్తే పిల్లలు నోరు వెళ్లబెడతారు. కన్ను మొదలవమని చెప్పే ఒక జన్యువును ఈగ కాళ్ల మీద, మీసాల మీద ఆన్ చేస్తే అక్కడ కళ్లు వచ్చాయి. ఎలుక నుంచి తీసిన జన్యువు పెట్టినా కళ్లే వచ్చాయి, అవీ ఈగ కళ్లే. ఎలుక కన్నూ ఈగ కన్నూ నిర్మాణంలో ఎక్కడా పోలిక లేనివి. అయినా మొదటి ఆదేశం రెండింటి ఉమ్మడి పూర్వీకుడి నుంచి వచ్చిందే.

క్షీరదాల మాయ (ప్లాసెంటా) గురించి చెప్పకుండా వదలలేను. తల్లి రక్తానికీ బిడ్డకూ మధ్య ఉండే పొరలో కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే పొరగా మారతాయి. ఆ కలయిక చేసే ప్రోటీన్ సిన్‌సైటిన్. అది ఒకప్పటి రెట్రోవైరస్ (తన జన్యువులను మన డీఎన్‌ఏలోకి చొప్పించే రకం వైరస్) తాలూకు పైపొర ప్రోటీన్ అని 2000లో తేలింది. వైరస్‌కు ఆ ప్రోటీన్ కణంతో అతుక్కుపోవడానికి కావాలి. మన పూర్వీకుల డీఎన్‌ఏలో చిక్కుకున్నాక అదే పని గర్భంలో చేస్తోంది. ఎలుకలకూ సిన్‌సైటిన్లున్నాయి, కానీ అవి వేరే వైరస్ నుంచి వచ్చినవి. ఆవుల కుటుంబానికి ఇంకోటి, మాంసాహారులకు ఇంకోటి. ఎలుకలో ఒకదాన్ని తీసేస్తే పిండం గర్భంలోనే చనిపోతుంది.

మళ్లీ నడిపిస్తే ఇవే వస్తాయా? పైన చెప్పినవాటిని బట్టి మీరే సగం జవాబు ఊహించి ఉంటారు. నేల సిద్ధంగా ఉన్నచోట, ఒత్తిడి ఒకటే అయినప్పుడు, దాదాపు అవే వస్తాయి, ఒక్కోసారి అవే జన్యువులతో. విద్యుత్ చేపలు డార్విన్‌ను బాగా ఇబ్బంది పెట్టాయి: ఒకదానికొకటి దూరపు చుట్టాలైన చేపల్లో అదే అవయవం ఎలా వచ్చిందని. ఇప్పటి ఎముకల చేపల్లో చాలావాటి పూర్వీకుల్లో జన్యు సముదాయం ఒకసారి రెట్టింపైంది. కండరంలో పనిచేసే ఒక సోడియం చానెల్ (కణంలోకి సోడియంను వదిలే ద్వారం లాంటి ప్రోటీన్) జన్యువుకు దాంతో రెండు నకళ్లు వచ్చాయి. ఆఫ్రికా నదుల్లోని విద్యుత్ చేపల్లో, దక్షిణ అమెరికావాటిలో, రెండు చోట్లా అదే నకలు కండరంలో ఆగిపోయి విద్యుత్ అవయవానికి మారింది. ఎవరికి ఎవరూ చెప్పలేదు. మైటోకాండ్రియా లాంటి కలయిక మాత్రం మళ్లీ జరుగుతుందని నేను పందెం కాయను.

ఇంకొకటి. కొత్తది పుట్టగానే లోకాన్ని ఏలేస్తుందనుకోవద్దు. గడ్డి మొక్కల ఆనవాళ్లు డైనోసార్ల పేడ శిలాజాల్లోనే ఉన్నాయి. విశాలమైన గడ్డిమైదానాలు పరుచుకున్నది ఆ తర్వాత కోట్ల ఏళ్లకు. పుట్టడానికి జన్యువులు కావాలి, వ్యాపించడానికి వాతావరణం, పోటీదారులు, అదృష్టం అన్నీ కలిసిరావాలి.

ఈ లెక్కలన్నీ తెలుసు కదా, మనమే ఒక కొత్తదనాన్ని తయారుచేయగలమా అంటే, ప్రయత్నం నడుస్తోంది. వరిని సీ4 మొక్కగా మార్చే అంతర్జాతీయ ప్రాజెక్టు 2008లో మొదలైంది. కావలసిన ఎంజైముల జన్యువులను వరిలోకి చేర్చడం సాధ్యమైంది. గడ్డిలో ఇరవైసార్లకు పైగా తనంతట తాను జరిగిన ఆ మార్పు వరిలో మాత్రం ఇంకా పూర్తికాలేదు. చిక్కంతా ఎంజైముల దగ్గర కన్నా ఆకు నిర్మాణం దగ్గరే ఎక్కువ: నాళాల చుట్టూ ఉన్న ఆ చిన్న కణాలను పెద్దవి చేసి, వాటిని హరితరేణువులతో నింపే స్విచ్‌లు ఏవో ఒక్కొక్కటిగా వెతుకుతున్నారు.